దూరబోధన ఖర్చు ఎవరిది? భివండి వైపు నుంచి ఒక పరిశీలన

మహారాష్ట్రలోని థానే జిల్లాకు చెందిన భివండి చరిత్రలో 1982 ఒక మలుపు. ఆ ఏడాది జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగిన తరువాత, మిల్లుల్లో ఆగిన నేత పనిలో పెద్ద భాగం అప్పటికే మరమగ్గాలకు పేరుపడిన భివండి షెడ్లకు తరలింది. మరమగ్గమంటే కరెంటుతో నడిచే మగ్గం. తెలంగాణ నేతకారుల నోట అది సాంచా. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి పద్మానగర్ ప్రాంతంలో స్థిరపడిన పద్మశాలీలు ఎందరికో ఆ షెడ్లే బతుకుతెరువు. మిల్లులో యజమాని మోసిన అద్దె, కరెంటు బిల్లు, యంత్రాల మరమ్మతు, పని దొరకని రోజుల నష్టం ఇక్కడ, సేటు ఇచ్చిన నూలును కూలికి నేసిపెట్టే చిన్న ఆసామి మీదా, అతని దగ్గర పనిచేసే కార్మికుడి మీదా పడ్డాయి.

నేత మిల్లు దాటినట్టే, అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో బోధన కూడా తరగతి గది దాటింది. దేశంలో మొదటిదైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (1991 నుంచి ఇది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది) ఇంటర్ చదవనివారిని సైతం అర్హత పరీక్షతో డిగ్రీలో చేర్చుకున్నది. తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. ఈ విధానంలో పాఠం రాసేవారు ఒకరు, దానిని సరిదిద్దే సంపాదకుడు మరొకరు కాగా, అధ్యయన కేంద్రంలో, అంటే ఊళ్ళోని ఏదో ఒక కళాశాలలో, సెలవు రోజున కూర్చుని సందేహాలు తీర్చే కౌన్సెలర్ ఇంకొకరు. అచ్చు, తపాలా, కేంద్రాల నిర్వహణ అన్నీ విశ్వవిద్యాలయం లెక్కలోనివే. అధ్యాపకుడు దూరాన ఉండటం అతనికి ఇచ్చిన వెసులుబాటు కాదు, సంస్థ ఆలోచించి ఏర్పరచుకున్న పని పద్ధతి. ఆ విధానపు అసలు బలం ఇక్కడే ఉన్నది. మహారాష్ట్రలో 1989లో నాసిక్ కేంద్రంగా వెలసిన యశ్వంతరావు చవాన్ మహారాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయమూ అధ్యయన కేంద్రాల దారినే నడిచింది.

2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇటువంటి ఏర్పాటుకు వ్యవధి లేకపోయింది. ముంబయి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న భివండి కళాశాలల వంటి చోట్ల అధ్యాపకులు తమ ఫోను, తమ నెట్, తమ ఇంటి గదితోనే పాఠాలు చెప్పవలసి వచ్చింది. 2021 మేలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పాఠ్యాంశంలో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చునని ముసాయిదా వెలువరించింది. ఇటువంటి వీలు కనిపించాక, ముంబయి లోకల్ రైళ్ళ ప్రధాన మార్గాల్లో కాక వసయి-దివా మార్గంలో ఉన్న భివండికి రోజూ కల్యాణ్ నుంచో థానే నుంచో రోడ్డున వచ్చిపోవలసిన అధ్యాపకుడు, అనారోగ్యమో పసిబిడ్డ సంరక్షణో ఉన్నప్పుడు ఇంటి నుంచే బోధిస్తాననడం న్యాయమైన కోరికే. అయితే అటు వినే విద్యార్థి ఇల్లు తరచుగా షెడ్డు పక్కనే ఉంటుంది. ఆ కోరికను మన్నించే కళాశాల అధ్యాపకుడి నెట్ ఖర్చుతో పాటు, సాంచాల చప్పుడు చేరని ఒక గదినీ, ఆ గదిలో విద్యార్థి ప్రశ్నకు ఎదుట కూర్చుని జవాబు చెప్పే ఒక కౌన్సెలర్ జీతాన్నీ తన బడ్జెట్‌లోనే చూపాలి.