ఆసుపత్రి, అజ్ఞాతం, రాజ్యసభ

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా ఒకప్పుడు నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అక్కడి నుంచి వార్ధా నది దాటి చాందా (నేటి చంద్రపూర్) చేరితే నిజాం ఏలుబడి దాటినట్టే. అందుకే 1947-48లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ వాళ్లు చాందాలో సరిహద్దు శిబిరం పెట్టుకున్నారు. పి.వి. నరసింహారావు అందులో పనిచేశారు. ఎల్ల దాటే వీలులేక, నిజాం రాజధానిలోనే ఉండి పోరాడిన వాళ్ల కథ వేరు. డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ వాళ్లలో ఒకరు.

1918లో హైదరాబాద్‌లో పుట్టిన గౌర్ ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి డాక్టరయ్యారు. కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్ సాహచర్యం ఆయన్ను కామ్రేడ్స్ అసోసియేషన్‌కు, కార్మిక సంఘాలకు, కమ్యూనిస్టు పార్టీకి దగ్గర చేసింది. ప్రాక్టీసు పెట్టుకుని హాయిగా బతకగలిగిన మనిషి జైలుకెళ్లారు. ఖైదీగా ఉస్మానియా ఆసుపత్రికి తెస్తే అక్కణ్నుంచే తప్పించుకున్నారు. ఆయన చదివిన కళాశాలకు బోధనాసుపత్రి అదే! ఆ తర్వాత ఏళ్ల తరబడి అజ్ఞాతం. తెలంగాణ సాయుధ పోరాటంలో పల్లెల్లో తుపాకులు పట్టింది కమ్యూనిస్టు దళాలు. గౌర్ దళ నాయకుడు కాదు. పోలీసుల కళ్లెదుటే నగరంలో పార్టీని బతికించడం ఆయన వంతు. అది తక్కువ సాహసమని నేననుకోను. 1951లో మళ్లీ పట్టుబడ్డారు. అదే ఏడాది అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

అమెరికా స్వాతంత్ర్య పోరాటంలోనూ ఇలాంటి వైద్యుడున్నాడు. బోస్టన్‌లో మశూచి టీకాలు వేసిన జోసెఫ్ వారెన్, మసాచుసెట్స్ ప్రజాప్రతినిధుల సభకు అధ్యక్షత వహించి, 1775 జూన్ 17న బంకర్ హిల్ యుద్ధంలో మరణించాడు. ఆయనకు సభ, సైన్యం ఒకేసారి అందాయి. నిజాం రాజ్యంలో ప్రజలకు జవాబు చెప్పే శాసనసభే లేదు. కాబట్టి ఇక్కడి డాక్టరుకు చట్టసభకు దారి జైలు గుండానే పోయింది.

1952 ఎన్నికలతో ఆ దారి తెరుచుకుంది. డాక్టర్ మేల్కోటే హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి, డాక్టర్ చెన్నారెడ్డి వ్యవసాయ మంత్రి అయ్యారు. సరోజినీ నాయుడు కుమారుడు డాక్టర్ జయసూర్య పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. గౌర్ రాజ్యసభకు వెళ్లి 1962 దాకా ఉన్నారు. ఆ తర్వాత కూడా, 2011లో కన్నుమూసేదాకా, కార్మికోద్యమాన్నీ ఉర్దూ సాహిత్యాన్నీ వదల్లేదు.