నడుస్తున్న ప్రోగ్రాంలో పుట్టే క్లాసు: కన్‌స్ట్రక్టర్ల గొలుసు చరిత్ర

కొత్తవలస – కిరండూల్ రైలుమార్గంలో మీరు అరకు వైపు వెళ్తున్నారనుకోండి. శృంగవరపుకోట, బొద్దవర, శివలింగపురం దాటితేగాని రైలు టైడా చేరదు. ఆబ్జెక్ట్ నిర్మాణం కూడా ఇటువంటిదే. ముందు మూల క్లాసు కన్‌స్ట్రక్టర్ తన పని ముగించాలి. ఉత్పన్న క్లాసు కన్‌స్ట్రక్టర్ పని ఆ తరువాతే. ఈ వరుసనే కన్‌స్ట్రక్టర్ల గొలుసు అంటారు. దీనిని కాపాడే బాధ్యత కాలక్రమంలో ఎవరి చేతికి మారిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

తొలి దశ

క్లాసు అనే భావన నార్వేలో ఓలె-జొహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిములా 67 భాషలో కనిపిస్తుంది. అందులో ఒక క్లాసు పేరుకు ముందు మరో క్లాసు పేరు చేరిస్తే, ముందున్న క్లాసులోని ఆదేశాలు మొదట అమలయ్యేవి. తరువాత వచ్చిన సి ప్లస్ ప్లస్, జావా, సి షార్ప్ కూడా మూల క్లాసుకే ప్రాధాన్యమిచ్చాయి. మీరు రాయకపోయినా, పారామీటర్లు లేని మూల కన్‌స్ట్రక్టర్‌ను పిలిచే ఆదేశాన్ని కంపైలరే చేరుస్తుంది.

రెండు పాయల కలయిక

నడుస్తున్న ప్రోగ్రాం కొత్త కోడ్ రాసుకోవడం మరొక పాయ. 1968లో కెన్ థాంప్సన్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను అప్పటికప్పుడు ఐబీఎం 7094 యంత్రకోడ్‌గా మార్చే పద్ధతిని ప్రచురించారు. 2000లో జావా 1.3 డైనమిక్ ప్రాక్సీలను ప్రవేశపెట్టింది. ఇలా పుట్టిన క్లాసు కన్‌స్ట్రక్టర్, తనకు అందిన ఇన్వొకేషన్ హ్యాండ్లర్‌ను మూల క్లాసైన ప్రాక్సీ కన్‌స్ట్రక్టర్‌కు అందిస్తుంది. 2002లో డాట్‌నెట్ తొలి రూపంతోపాటు రిఫ్లెక్షన్ ఎమిట్ వచ్చింది.

బాధ్యత మీదే

రిఫ్లెక్షన్ ఎమిట్‌లో టైప్‌బిల్డర్‌తో క్లాసును, కన్‌స్ట్రక్టర్‌బిల్డర్‌తో కన్‌స్ట్రక్టర్‌ను, ఐఎల్‌జెనరేటర్‌తో లోపలి ఆదేశాలను నిర్మిస్తారు. ఇక్కడ ఆదేశాల వరుసను గమనించండి: ప్రస్తుత ఆబ్జెక్ట్‌ను స్టాక్ మీదికి ఎక్కించాలి, మూల కన్‌స్ట్రక్టర్‌కు కావలసిన విలువలను ఎక్కించాలి, దానిని 'కాల్' ఆదేశంతో పిలవాలి, సొంత ఫీల్డులను నింపి 'రెట్'తో ముగించాలి. 'కాల్' బదులు 'న్యూఆబ్జ్' వాడితే వేరే ఆబ్జెక్ట్ పుడుతుంది, గొలుసు తెగుతుంది.

మూల కన్‌స్ట్రక్టర్‌ను పిలవడం మరచిపోతే? జావాలో వెరిఫయర్ ఆ క్లాసును తిరస్కరిస్తుంది. డాట్‌నెట్‌లో పూర్తి నమ్మకంతో నడిచే కోడ్‌కు ఆ అడ్డు లేదు. ఆబ్జెక్ట్ పుడుతుంది గాని, మూల క్లాసు నింపవలసిన ఫీల్డులు సున్నాలుగానో, నల్‌లుగానో మిగిలిపోతాయి. తప్పు ఒకచోట జరిగి, ఎంతో దూరంలో బయటపడుతుంది.

2020లో డాట్‌నెట్ 5తో వచ్చిన సోర్స్ జెనరేటర్లు కోడ్ ఉత్పత్తిని తిరిగి కంపైల్ దశకు తెచ్చాయి. అక్కడ గొలుసును మళ్లీ కంపైలరే సరిచూస్తుంది. క్లాసు రూపం ముందుగా తెలిస్తే ఈ మార్గం మేలు. ప్రోగ్రాం నడిచేటప్పుడే ఆ రూపం తెలిసే సందర్భాల్లో మాత్రం ఎమిట్ తప్పదు. అప్పుడు టైడా వరకు పట్టాలు వేయవలసింది మీరే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మూల క్లాసులో పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్ లేనప్పుడు, ఉత్పన్న క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో ఏ ఆదేశాలను ఏ వరుసలో రాస్తారు?