మస్టరు ఒకటి, బిల్లు ఇంకొకటి

పాలమూరు కూలీకి అక్షరం రాకపోయినా లెక్క విలువ తెలుసు. మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసుకొని, ఆలుబిడ్డలతో ఆనకట్టల పనికీ కాలువల పనికీ దూరదేశాలు పట్టిపోయినవాడు, పొద్దుగూకేవేళ తన హాజరు మస్టరులో పడిందా లేదా అని అడిగి తెలుసుకునేవాడు. కాని గుత్తేదారు పై అధికారులకు పెట్టిన బిల్లు ఏనాడూ అతని కంటబడలేదు. తాను చేసిన పనికి, తన పేర వసూలయిన డబ్బుకు మధ్య ఎంత తేడా వున్నదో అతనికి తెలియనీయకపోవడం మీదనే మేస్త్రీ పద్ధతి నిలిచింది. ఆత్మకూరు, అమరచింత, మక్తల్ ప్రాంతాల పాఠకులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. అదే తేడా కంప్యూటరు యుగంలో, హైదరాబాదు అద్దాల మేడల్లో ఎట్లా తిరిగి తలెత్తిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బైర్రాజు రామలింగరాజు 1987లో స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్, ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలలో ఒకటయింది. 2001లో దాని వాటాలు న్యూయార్కు మార్కెట్టుకెక్కాయి. 2008లో మంచి యాజమాన్య నిర్వహణకుగాను దానికి గోల్డెన్ పీకాక్ బహుమానం వచ్చింది. తమ వద్ద దాదాపు 53,000 మంది ఉద్యోగులున్నారని కంపెనీ చెప్పుకున్నది. ఆ సంవత్సరమే డిసెంబరు 16న, తన కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం సొమ్ముతో 160 కోట్ల డాలర్లకు కొనబోతున్నట్లు రాజు ప్రకటించాడు. వాటాదారులు గగ్గోలు పెట్టగా కొద్ది గంటల్లోనే ఆ ప్రకటనను వెనక్కు తీసుకున్నాడు. 2009 జనవరి 7న తన నేరాన్ని ఒప్పుకుంటూ లేఖ రాశాడు.

ఆ లేఖలోని అంకెలను శ్రద్ధగా చూడవలసి వున్నది. బ్యాంకుల్లో వున్నట్లు చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు లేనే లేవు. రాని వడ్డీ, దాచిన అప్పులు, ఎక్కువచేసి చూపిన బాకీలు కలిపితే మొత్తం 7,136 కోట్లు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో ఆదాయం 2,700 కోట్లుగా, నిర్వహణ లాభం 649 కోట్లుగా చూపారు. అసలు ఆదాయం 2,112 కోట్లు. అసలు లాభం 61 కోట్లు. అంటే నూటికి 3 రూపాయల లాభాన్ని 24 రూపాయలుగా చూపారన్నమాట.

పత్రికలు దీనిని ఒక మనిషి అత్యాశ కథగా, పతనగాథగా రాశాయి. ఆ వ్యాఖ్యానం యాజమాన్య వర్గానికి ఎంతో అనుకూలమైనది. దోషి ఒక్కడే అయితే వ్యవస్థ నిర్దోషి అవుతుంది గదా! కాని దర్యాప్తులో బయటపడిన విషయాలు వేరొక కథ చెబుతున్నాయి. సీబీఐ 7,561 దొంగ ఇన్వాయిసులను కనిపెట్టింది. వాటి విలువ సుమారు 5,100 కోట్లు. ఆ కంపెనీలో ఉద్యోగి ఏ ప్రాజెక్టు మీద ఎన్ని గంటలు పనిచేసిందీ నమోదయ్యే వ్యవస్థ ఒకటుండేది. ఆ గంటల నుంచే బిల్లు పుట్టాలి. దొంగ ఇన్వాయిసులు మాత్రం గంటల లెక్కతో నిమిత్తం లేకుండా నేరుగా బిల్లుల వ్యవస్థలో పుట్టాయి. ఇతర విభాగాల కంటబడకుండా వాటిని దాచే ఏర్పాటు కూడా జరిగింది. మన మేస్త్రీ, మస్టరులో ఉన్న కూలీ పేర ఎక్కువ బిల్లు రాసేవాడు. ఇక్కడ మస్టరే లేని బిల్లు తయారయింది.

వేలాది ఉద్యోగులు రాత్రింబగళ్ళు చేసిన పని మాత్రం నిజమైనదే. ఆ 2,112 కోట్లు వారి శ్రమ నుంచి వచ్చినవే. తమ గంటలను నిమిషాలతో సహా లెక్కచెప్పుకోవలసిన వారికి, ఆ గంటలు ఏ లెక్కలో ఎట్లా తేలుతున్నాయో చూసే హక్కు లేదు. చూడవలసిన ఆడిటర్లు చూడలేదు. డైరెక్టర్ల సభలో పేరుపొందిన ఆచార్యులున్నా ప్రయోజనం లేకపోయింది.

ఉద్యోగులందరూ అమాయకులేనా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఏడేళ్ళ కఠిన శిక్ష వేసిన పదిమందిలో రాజు, అతని సోదరులు, ఇద్దరు మాజీ ఆడిటర్లతోపాటు కంపెనీ మాజీ ఉద్యోగులు కూడా వున్నారు. (ఆ మరుసటి నెలలోనే సెషన్సు న్యాయస్థానం శిక్షను నిలిపి బెయిలు ఇచ్చింది.) యజమాని ఆజ్ఞను కాదనడానికి అండగా నిలిచే సంఘం లేనిచోట, నెలజీతగాడు నేరంలో కూడా కూలీ కావలసివస్తుంది. ఇది అతనికి క్షమాపణ కాదు. నేరానికి నేల ఎట్లా తయారవుతుందో చెప్పడం మాత్రమే.

తర్వాత జరిగినది మరింత గమనించదగినది. ప్రభుత్వం డైరెక్టర్ల సభను రద్దుచేసి కొత్తవారిని నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని దక్కించుకున్నది. దీనిని విజయంగా వర్ణించారు. నిజమే, వేల కుటుంబాలు వీధినపడకుండా నిలిచాయి. కాని జూన్‌లో వేలాది మందిని 'వర్చువల్ పూల్' అనే పేరుతో ఆరు నెలలపాటు పని లేకుండా, మూలవేతనంతో ఇంట్లో కూర్చోబెట్టారు. తొలగింపు అనే మాట వాడకుండా మరో దారి చూసుకోమని చెప్పడం అది. లెక్కలు తారుమారు చేసినవారు కోర్టుకెక్కి తమ వాదన వినిపించుకోగలిగారు. వీరి వాదన వినేందుకు ఏ వేదికా లేకపోయింది.

అది యాదృచ్ఛికం కాదు. దుకాణాలు, సంస్థల చట్టంలో పని గంటలు, సెలవులు మొదలైన నిబంధనల నుంచి ఈ పరిశ్రమకు ఉమ్మడి రాష్ట్రంలోనూ, తర్వాత తెలంగాణలోనూ ఉత్తర్వుల ద్వారా మినహాయింపులిచ్చారు. మేధావి ఉద్యోగికి సంఘమెందుకన్న భావం కూడా ఆ వాతావరణంలోనే పెరిగింది. 2017లో కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల సంఘం రిజిస్టరయింది. ఆ పని సత్యం కూలిన ఎనిమిదేళ్ళకు గాని జరగలేదు.

ఆత్మకూరు ఒకనాడు అమరచింత సంస్థానపు రాజధాని. ఇక్కడి రైతు ఏమి పండించాడో సంస్థానం లెక్క రాసుకునేది. సంస్థానం లెక్క రైతు చూసేవాడు కాడు. జాగీర్దారీ 1949లో రద్దయింది. 2008 నుంచి ఫీజు రీయింబర్సుమెంటు పుణ్యమా అని ఈ ప్రాంతపు కూలీల బిడ్డలు కూడా ఇంజనీరింగు చదివి హైదరాబాదు దారి పట్టారు. వారిని వెళ్ళవద్దని ఎవరంటారు? మేస్త్రీ అడ్వాన్సు నుంచి తప్పించుకోవడానికి తల్లిదండ్రులు చూపిన మార్గం అది. అయితే మెడలో గుర్తింపు కార్డు వేసుకున్నంత మాత్రాన మస్టరు చరిత్ర ముగిసిందని వారు భ్రమపడరాదు. తండ్రి హాజరు అడిగి తెలుసుకున్నాడు. బిడ్డ బిల్లు కూడా చూపమని అడగాలి. ఆ అడగడం ఒంటరిగా సాధ్యం కాదని తండ్రి అనుభవమే చెబుతున్నది.