చంద్రుడి దారిలో దాహం తీర్చిన లాయరు

అపోలో వ్యోమగాములు చంద్రుడి దాకా వెళ్తూ తాగిన నీళ్లలో ఎక్కువ భాగం భూమి మీంచి మోసుకెళ్లినవి కావు. నౌకలో కరెంటు తయారవుతుంటే దాంతోపాటే పుట్టుకొచ్చినవి. హైడ్రోజన్, ఆక్సిజన్ ఫ్యూయల్ సెల్‌లో కలిసి విద్యుత్తునిస్తే మిగిలేది నీరే. కరెంటు ప్లాంటు వదిలిన వ్యర్థాన్ని గటగటా తాగేయడమన్న మాట! ఈ ముచ్చట తెలిశాక దీని మూలపురుషుడెవరా అని ఆరా తీస్తే, ఓ లాయరు తేలాడు.

విలియం రాబర్ట్ గ్రోవ్ 1811లో వేల్స్‌లోని స్వాన్సీలో పుట్టాడు. బారిస్టరు చదివినా మనసు ప్రయోగాల మీదికి మళ్లింది. అప్పటికే, 1800లో, వోల్టా బ్యాటరీ సంగతి తెలిసీ తెలియగానే నికల్సన్, కార్లైల్ లండన్‌లో ఆ కరెంటుతో నీటిని రెండు వాయువులుగా విడగొట్టారు. విడగొట్టడానికి ఇచ్చిన శక్తి అప్పులాంటిదైతే, అవి మళ్లీ కలిసేటప్పుడు తిరిగి రాబట్టుకోవచ్చు కదా? గ్రోవ్ పట్టుకున్న కొస అదే. బాసెల్‌లో షోన్‌బైన్ కూడా దాదాపు అప్పుడే ఆ దరిదాపుల్లోకి వచ్చాడు.

పలచని గంధకామ్లంలో గాజు గొట్టాలు బోర్లించి, ఒకదాంట్లో హైడ్రోజన్, పక్కదాంట్లో ఆక్సిజన్ నింపి, లోపల ప్లాటినం రేకులు వేలాడదీశాడు గ్రోవ్. తీగ కలిపితే చాలు, కరెంటు పారేది. వాయువులు తరుగుతూ గొట్టాల్లో ద్రవం పైకెక్కేది, హైడ్రోజన్ వైపు రెట్టింపుగా. 1842లో అలాంటి 50 జతలు వరసగా కలిపితే, చేతులు పట్టుకుని నిలబడ్డ అయిదుగురికీ షాక్ కొట్టింది. వాయువు, ద్రవం, ప్లాటినం మూడూ తాకే చోటే పని జరుగుతోందని, ఆ చోటు పెరిగితేనే కరెంటు పెరుగుతుందని కూడా ఆయనే కనిపెట్టాడు. తర్వాత నూరేళ్ల పాటు ఇంజినీర్లు కుస్తీ పట్టింది ఈ చిక్కుతోనే.

లెక్క చూడండి. 18 గ్రాముల నీరు ఏర్పడేటప్పుడు విడుదలయ్యేది 286 కిలోజౌళ్లు. హైడ్రోజన్‌ని అంటిస్తే అదంతా వేడిగా పోతుంది. సెల్‌లో కలిపితే, సిద్ధాంతం ప్రకారం 237 దాకా నేరుగా విద్యుత్తుగా రాబట్టవచ్చు.

ఇంత చేసిన మనిషి మళ్లీ నల్లకోటు తొడుక్కున్నాడు. 1856లో విషప్రయోగం కేసులో ఇంగ్లండంతా మారుమోగిన డాక్టర్ పామర్ తరఫు లాయర్లలో గ్రోవ్ ఒకడు. పామర్‌కి ఉరి పడింది, గ్రోవ్ తర్వాత జడ్జీ అయ్యాడు. ఆయన పేరు నిలబెట్టిన బ్యాటరీ కూడా ఈ వాయువుల సెల్ కాదు. 1839లో చేసిన జింక్-ప్లాటినం బ్యాటరీ అమెరికాలో టెలిగ్రాఫులు నడిపింది, నత్రికామ్లం పొగలు కక్కుతూ. పొగ లేనిదాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కథ నత్తనడక. 1889లో రసాయనవేత్తలు మోండ్, లాంగర్ ఆ వాయువుల సెల్‌ని కొంత మెరుగుపరిచారు. 1894లో రసాయనవేత్త ఓస్ట్‌వాల్డ్, బొగ్గుని కాల్చకుండా ఇలాంటి సెల్‌లతో నేరుగా కరెంటు చేయమని పోరాడు. అప్పటికే డైనమో వచ్చేసింది, బొగ్గు చవక. ఓపిగ్గా వెతకాల్సిన దారిని లోకం అలా వదిలేసుకుంది. ఆ నష్టం మన ఊపిరితిత్తులకి తెలుసు.

1932లో ఈ సెల్‌ల మీద పని మొదలుపెట్టిన ఫ్రాన్సిస్ బేకన్ అనే ఆంగ్లేయ ఇంజినీరు 1959కి 5 కిలోవాట్ల సెల్‌తో వెల్డింగ్ మిషను నడిపించాడు. అపోలో సెల్‌లకు ఆయన పనే పునాది. అపోలో కంటే ముందే, 1965లో, జెమినీ-5 నౌక వేరే రకం ఫ్యూయల్ సెల్‌తో ఎగిరింది. 1970లో అపోలో-13 ఆక్సిజన్ ట్యాంకు పేలాక సెల్‌లు ఆగిపోయాయి. కరెంటుతోపాటు మంచినీళ్లూ పోయాయి. ముగ్గురూ రోజుకి గ్లాసెడు నీళ్లతో సరిపెట్టుకుని ఇల్లు చేరారు.

మన శ్రీహరికోటకీ ఇందులో భాగముంది. 2024 జనవరి 1న అక్కణ్నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58లో ఇస్రో ఓ ఫ్యూయల్ సెల్ పెట్టింది. దాదాపు 350 కిలోమీటర్ల ఎత్తులో అది 180 వాట్లు ఇచ్చింది.

ఇప్పుడు బస్సులకీ, కార్లకీ దీన్నే తెస్తామంటున్నారు. సంతోషమే. కానీ నేడు ప్రపంచంలో తయారయ్యే హైడ్రోజన్‌లో అత్యధికం సహజవాయువు, బొగ్గుల నుంచే వస్తోంది. పొగగొట్టం లేని బండిని చూసి మురిసిపోయే ముందు, దాని హైడ్రోజన్ ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక్కసారి అడగండి.