ప్రేమ అధ్యాయము, సహపంక్తి భోజనము



పెండ్లి ఆరాధనలో మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయము చదవని పాస్టరు అరుదు. మేమూ చదువుతాము. శుభలేఖల మీద అచ్చు వేయిస్తారు, ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు. అందుచేత అది వధూవరుల కొరకు వ్రాసినదనే తలంపు మనలో పాతుకుపోయింది. పౌలు దానిని వ్రాసింది పెండ్లింటికి కాదు. కలిసి కూర్చుని అన్నము తినలేకపోయిన ఒక సంఘానికి వ్రాశాడు. రెండు అధ్యాయాలు వెనుకకు త్రిప్పి, 11వ అధ్యాయము 17వ వచనము నుండి చదివి చూడండి.

కొరింథు రెండు రేవుల నడుమ ఉన్న వర్తకపు పట్టణము. క్రీ.పూ. 44లో జూలియస్ కైసరు దానిని మళ్లీ కట్టించ నిర్ణయించినప్పుడు అక్కడికి పంపబడినవారిలో విడుదల పొందిన దాసులు చాలామంది ఉన్నారు. కష్టపడి పైకి వచ్చినవారు తమ క్రింద ఉన్నవారిని ఎలా చూస్తారో మనకు తెలియనిది కాదు. సంఘములోనూ ఆ తేడాలు ఉన్నాయి. సంఘమంతటికి ఆతిథ్యమిచ్చిన గాయు ఉన్నాడు, పట్టణపు ఖజానా చూచే ఎరస్తు ఉన్నాడు. దాసులుగా ఉండగా పిలువబడినవారూ ఉన్నారని 7వ అధ్యాయము చెబుతుంది.

అప్పటికి చర్చి భవనాలు లేవు. కలిగినవాని ఇంట కూడుకొనేవారు. ప్రభువు బల్ల ఒక పూర్తి భోజనముతో కలిసి ఉండేది. ఆదివారము సెలవు లేదు గనుక దాసుడు, కూలివాడు యజమాని వదలిన తరువాతే రావాలి. వారు వచ్చేసరికి కలిగినవారు తెచ్చుకొన్నది తినేసి, త్రాగేసి ఉండేవారని పండితులు భావిస్తారు. రోమా వారి భోజనపు గదిలో సుమారు తొమ్మిది మందికే చోటు, తక్కినవారు బయట వాకిట్లో. లోపల ఎవరు, వాకిట ఎవరు అనేది వేరే చెప్పనక్కరలేదు. ఇది ప్రభువు బల్ల కానే కాదని పౌలు ఖండించాడు. లేనివారిని సిగ్గుపరచుచున్నారా అని అడిగాడు. ఆయన చెప్పిన మందు ఎంత చిన్నదో చూడండి: ఒకరి కొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండండి. 13వ అధ్యాయము ఆ తరువాత వచ్చింది. ప్రేమ దీర్ఘకాలము సహించును అంటే, ముందుగా, ఆకలితో ఉన్నా ఆలస్యముగా వచ్చే కూలివాని కొరకు ఆగడమే.

దాదాపు 1850 ఏండ్ల తరువాత ఆ అధ్యాయాన్ని సరిగ్గా దాని చోటికి తెచ్చినవాడు మన తెలుగు నేలలో సేవ చేసిన ఒక తమిళుడు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. తిరునెల్వేలి ప్రాంతములో 1874లో పుట్టారు. అక్కడి విశ్వాసులు 1903లో తమ సొంత కానుకలతో ఒక మిషనరీ సంఘము స్థాపించి, దోర్నకల్ ప్రాంతానికి సేవకులను పంపారు. స్థాపించినవారిలో ఆయన ఒకరు. ఇతరులను పంపి తాను కూర్చోలేక, వై.ఎం.సి.ఏ. పని వదలి, 1909లో గురువుగా అభిషేకము పొంది తానే వచ్చి తెలుగు నేర్చుకొన్నారు.

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు, ఆసియా వారు ఇరవై మంది కూడా లేరు. అజరయ్య గారు లేచి, మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెబుతూనే, వారికీ దేశీయ సేవకులకూ మధ్య ఉన్నది యజమాని, జీతగాని సంబంధమని చెప్పారు. చేయి కలపరని, తమ బల్ల వద్దకు భోజనానికి పిలువరని చెప్పారు. మీరు ఆస్తి ఇచ్చారు, శరీరమూ ఇచ్చారు, మేము అడిగేది ప్రేమ, మాకు స్నేహితులు కావాలి అన్నది ఆయన మాటల సారాంశము. చాలామంది నొచ్చుకొన్నారు. ఆయనకు అప్పటికి 35 ఏండ్లు.

తెల్లదొరలకు బుద్ధి చెప్పాడని సంతోషించి ఇక్కడే ఆగితే మనకు సుఖమే. కాని 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా దోర్నకల్‌కు వచ్చినప్పుడు అదే ప్రశ్న ఆయన ముందుకే వచ్చింది. ఆయన మందలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఇద్దరినీ ఊరు వెలివేసింది, అయినా ఒకరి ఇంట ఒకరు తినరు, పిల్లనివ్వరు. వేరే జిల్లాలలో ఈ చిక్కు మరొక విధముగా తీరిపోయింది: ఒంగోలు బాప్టిస్టులలో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు లూథరనులలో ఎక్కువమంది మాలలు. మిషను వేరైతే బల్లా వేరే, ఇక గొడవ లేదు! దోర్నకల్‌లో ఇద్దరికీ ఒకే పాత్ర. ఆ సంఘము ఆయన కాలములో రెండు లక్షలు దాటింది. కులానికి సంఘములో చోటు లేదని ఆయన బోధిస్తూనే ఉన్నారు, అయినా 1945 జనవరి 1న కన్నుమూసేనాటికి ఆ పని ముగియలేదు.

ముగియలేదని మేమెలా చెప్పగలమంటే, మా సంఘములోనూ రెండు పేటల వారున్నారు. సంవత్సరాల తరబడి మేము ఒక పేటలో టీ త్రాగి, రెండవ పేటకు వెళ్లేసరికి "ఇప్పుడే తాగి వచ్చామమ్మా" అనేవాళ్లము. అబద్ధము కాదు, నిజముగానే త్రాగి వెళ్లేవాళ్లము. వరుస మార్చాలని మాకు తోచలేదు, అంతే. పోయిన శ్రమదినాల కూటములో ఒక పెద్దామె ప్రార్థన అయ్యాక నవ్వుతూనే అంది: "మా ఇంటికి ఎప్పుడూ తాగే వస్తారు గదా, అయ్యగారూ." మాకు నోట మాట రాలేదు. ఎడిన్‌బరో సంగతి మేము పుల్పిటు మీద ఎన్నిసార్లు చెప్పామో! ఆ సాయంకాలము అక్కడే కూర్చున్నాము. ఆమె పక్కింటికి పోయి పంచదార తెచ్చింది.

క్రిస్మసు ప్రేమ విందుకు ఈసారి ఎవరి పళ్లెము వారు తెచ్చుకోనక్కరలేదని, అందరికీ విస్తర్లే వేస్తామని, రెండు పేటల స్త్రీలూ కలిసి వండుతారని ప్రకటించాము. అందరూ వచ్చారు, ఒక్క పెద్ద గారి కుటుంబము తప్ప. ఆయన మంచివారు, మాకు ఎన్నో మేళ్లు చేసినవారు. ఒంట్లో బాగాలేదని కబురు పంపారు. మేము అరగంట ఆగి ప్రార్థన చేశాము. ఆదివారము ఆరాధనకు మాత్రము ఎప్పటిలాగే వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఈ వారము ఆ పెద్దామెను వెంటబెట్టుకొని ఆయన ఇంటికి వెళ్లాలనుకొంటున్నాము. ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనండి.