అమృతా షేర్‌గిల్: సానుభూతి, అవగాహన

ఆధునిక భారతీయ చిత్రకళ చరిత్ర రాసేవారెవరూ అమృతా షేర్‌గిల్‌ను దాటి ముందుకు పోలేరు. అయితే ఆమె గురించిన రాతల్లో అందం, ప్రణయాలు, ఇరవై ఎనిమిదేళ్లకే ముంచుకొచ్చిన మరణం - వీటికున్న చోటు బొమ్మలకు లేదు. కళాకారిణులకు మన సమాజం చేసే అన్యాయాల్లో ఇదొకటి.

అమృత 1913లో బుడాపెస్టులో పుట్టింది. తండ్రి సిక్కు కులీనుడు, తల్లి హంగరీ దేశస్థురాలు. పారిస్‌లో చిత్రకళ నేర్చింది. 1932లో వేసిన 'యువతులు' చిత్రానికి మరుసటేడు అక్కడి సెలూన్‌లో బంగారు పతకం వచ్చింది. అయినా 1934 చివర ఇండియాకు తిరిగొచ్చింది.

1935లో 'కొండ మనుషులు', 'కొండ స్త్రీలు' వేసింది. వాటిలో రవివర్మ దేవతల నగలు లేవు. బెంగాల్ శైలి పలచని కలలూ లేవు. బక్కచిక్కిన నల్లని మనుషులు మౌనంగా నిలబడి ఉంటారు. బీదవాళ్లను అలంకారంగా కాక మనుషులుగా చూపటం నాటి చిత్రకళలో పెద్ద ముందడుగు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఆ మౌనం ఎవరిది? కొండవాళ్లదా, చిత్రకారిణిదా? 1936లో 'గోదాన్' వచ్చింది. అందులో హోరీ ఎవరికి అప్పుపడ్డాడో, ఎందుకు చితికిపోయాడో పాఠకుడికి తెలుసు. ఈ కొండవాళ్లను ఎవరు బీదలను చేశారో బొమ్మ చెప్పదు. బొమ్మ నవల కాదు, నిజమే. కాని జర్మనీలో కేథే కోల్‌విట్జ్ నేతపనివాళ్లు 1890లలోనే యజమాని గేటు మీదికి పోయారు. కాబట్టి లోపం మాధ్యమానిది కాదు. వర్గ దూరానిది.

ఈ కారణంతో అమృతను తోసిపుచ్చడానికి నేను ఒప్పుకోను. ఆమె అక్కడే ఆగిపోలేదు. అజంతా చూసి, దక్షిణాది తిరిగి, 1937లో 'పెళ్లికూతురి అలంకరణ', 'బ్రహ్మచారులు', 'సంతకు పోతున్న దక్షిణాది పల్లీయులు' వేసింది. ఆ రోజుల్లోనే హైదరాబాదులో సాలార్‌జంగ్ నవాబు ఆమె బొమ్మలు కొనకుండా తిప్పి పంపాడు.

నా ఉద్దేశంలో ఆమె అసలు బలం చివరి బొమ్మల్లో ఉంది. గోరఖ్‌పూర్ జిల్లా సరాయాలో తన బంధువుల ఎస్టేటు జీవితాన్ని దగ్గరగా చూసింది. 'ఆడవాళ్ల ఆవరణ' 1938లో వేసింది, 'మంచం మీద విశ్రమిస్తున్న స్త్రీ' 1940లో. ప్రహరీ లోపల పొద్దుపోని స్త్రీల బతుకు వాటిలో కనిపిస్తుంది. కొండవాళ్ల బీదరికం ఆమె బయటినుంచి చూసింది. ఈ బంధనాన్ని లోపలినుంచి ఎరుగును. అందుకే అక్కడ సానుభూతిగా ఉన్నది ఇక్కడ అవగాహన అయింది.

1941 డిసెంబర్ 5న లాహోర్‌లో చనిపోయింది. 1937 నాటి 'కథలు చెప్పేవాడు' బొమ్మ 2023లో వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికింది. నాడు తిప్పి పంపిన సంపన్నులే నేడు పోటీపడి కొంటున్నారు. ఆ ధర చూసి ఆమె గొప్పతనాన్ని కొలవనక్కరలేదు. బీదల గురించి రాసే మనం మాత్రం ఆమె బొమ్మల ముందు నిలబడి మనల్ని అడగాలి: మనం రాస్తున్నది చూసిందా, ఎరిగిందా?