పుట్టింటి చిరునామా

కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. హైదరాబాదు మహబూబియా బడి 1907లో మొదలైంది. ఈ బడుల సంగతులు పుస్తకాల్లో దొరుకుతాయి. కలిసి చదువుకున్న పిల్లలు తర్వాత ఒకరికొకరు ఎలా దొరికారన్నది మాత్రం మన పుట్టిళ్ళ ట్రంకుపెట్టెల్లో వెతుక్కోవాలి.

మగపిల్లల ఇంటిపేరు మారదు. మనకేమో పెళ్ళితో ఇంటిపేరూ, చాలాసార్లు ఊరూ మారతాయి. బడి రిజిస్టరులో ఉన్న పేరు పట్టుకుని వెళితే మనిషి దొరకదు! అందుకే మా అమ్మ, ఆవిడ స్నేహితురాళ్ళు పుట్టింటి చిరునామానే నమ్ముకున్నారు. ఇన్‌లాండ్ లెటర్ మన దేశంలో 1950లో వచ్చింది. ఆ నీలం కాగితం ముందు అమ్మమ్మ ఇంటికి చేరేది. అమ్మమ్మ ఆ చిరునామా కొట్టేయించి, మా ఇంటిది రాయించి, మళ్ళీ పోస్టు డబ్బాలో వేయించేది. అమ్మమ్మ పోయింది, ఇల్లు అమ్మేశారు, ఉత్తరాలు ఆగిపోయాయి. ముగ్గురు స్నేహితురాళ్ళు అలాగే తప్పిపోయారు.

వాట్సాప్ వచ్చాక ఇద్దరు దొరికారు. మూడో ఆవిడ పోయిన కబురు వాళ్ళ అమ్మాయి చెప్పింది. అమ్మ ఫోనులో అందరూ పుట్టింటి ఇంటిపేర్లతోనే ఉన్నారు. అత్తవారి ఇంటిపేర్లు అడిగితే, సగం మందివి తెలియవంటుంది.